పుల్లటి నీళ్ళ కప్పలా, కృత్రిమ చర్మమా? టెన్త్ గ్రేడ్ అమ్మాయి ప్రాజెక్టుకి సలహా కావాలి

ఎడిసన్_నాన్న (ఫిబ్రవరి, మొదటి వారం)

అందరికీ నమస్కారం. ఇక్కడ బయాలజీ వాళ్ళు, బయోమెడికల్ వాళ్ళు కొంతమంది ఉన్నారని చూసి రాస్తున్నాను. నాది సాఫ్ట్‌వేర్. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న రోజే బయాలజీకీ నాకూ రుణం తీరిపోయింది.

మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మా అమ్మాయి వచ్చే ఏడాది సైన్స్ ఫెయిర్‌లో పాల్గొంటానంటోంది. గెలిస్తే ఐసెఫ్ (హైస్కూల్ పిల్లల అంతర్జాతీయ సైన్స్ పోటీ) దాకా వెళ్ళే ఫెయిర్ అట. ప్రాజెక్టు ఇప్పుడే తేల్చుకోవాలి. దాంతో ఇంట్లో రెండు పార్టీలయ్యాయి.

నా పార్టీ సంగతి ముందు చెప్తాను. మా ఆవిడ తరఫు బంధువు ఒకాయన యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేస్తారు. కాలిన గాయాల మీద వేసే కృత్రిమ చర్మం, స్కాఫోల్డ్‌లు, అలాంటి పని. వేసవిలో పిల్లని పంపితే ఒక మూల కూర్చోబెట్టి నేర్పిస్తామన్నారు. మనుషులకి పనికొచ్చే విషయం. కాలేజీ అప్లికేషన్‌లో కూడా బరువుగా కనిపిస్తుంది. (అవును, అదీ ఆలోచిస్తాను. ఆలోచించని తండ్రులెవరైనా ఉంటే చెయ్యెత్తండి.)

అమ్మాయిది కప్పల పార్టీ. పోయిన మే నెలలో స్కూలు వాళ్ళు పైన్ బారెన్స్ (సౌత్‌జెర్సీలో ఉన్న పెద్ద అడవి) తీసుకెళ్ళారు. అక్కడ చెరువుల నీళ్ళు డికాక్షన్ రంగులో ఉన్నాయట, ఆమ్లం ఎక్కువట, అయినా అందులో ఒక చిన్న ఆకుపచ్చ కప్ప హాయిగా గుడ్లు పెడుతుందట. అప్పట్నించి ఇంట్లో అదే గోల. దాని ప్లానేంటంటే, చెరువులోంచి కప్పగుడ్లు తెచ్చి, మా గరాజ్‌లో పది గాజు సీసాల్లో వేసి, ఒక్కో సీసాలో ఒక్కో కొలత వెనిగర్ కలిపి, ఎక్కడిదాకా పిల్లలవుతాయో లెక్కపెట్టడం. సీసాలు కూడా కొనేసింది. మా ఆవిడ ఆవకాయకి పనికొస్తాయిలే అని ఊరుకుంది.

ఏది మేలంటారు? కప్పల మీద పని చేస్తే జడ్జీలు సీరియస్‌గా తీసుకుంటారా? గరాజ్ ప్లాన్ జరిగే పనేనా?


వూస్టర్_రావు

నేను స్కాఫోల్డ్‌ల మీదే తొమ్మిదేళ్ళు పనిచేశాను కాబట్టి మీ పార్టీవాడినే అనుకోవాలి. అయినా ఆ ల్యాబ్‌లో అసలు ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి.

ఇల్లు కట్టేటప్పుడు సరుగుడు బాదులతో పరంజా కడతారు కదా, స్కాఫోల్డ్ అంటే అదే. శరీరంలోకి వెళ్ళాక దాన్ని విప్పడానికి మేస్త్రీ ఉండడు కాబట్టి, కణాలు వచ్చి సొంత గోడ కట్టుకునేలోపు పరంజా దానంతటదే కరిగిపోవాలి. త్వరగా కరిగితే గోడ కూలుతుంది, ఆలస్యమైతే మచ్చ కడుతుంది. మా బాధంతా ఈ టైమింగ్‌తోనే.

కృత్రిమ చర్మంలో బాగా పేరున్నది ఎంఐటీలో అయోనిస్ యానస్, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జన్ జాన్ బర్క్ కలిసి చేసింది. ఆవు చర్మం నుంచి తీసిన కొల్లాజెన్, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన ఒక చక్కెర పదార్థం, పైన పల్చటి సిలికోన్ పొర. పదిమంది కాలిన రోగుల మీద వాడి 1981లో ఫలితాలు ప్రచురించారు. అమెరికాలో అమ్మడానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 1996లో. మధ్యలో పదిహేనేళ్ళు. ‘మనుషులకి పనికొచ్చే విషయం’ అన్నారు కాబట్టి ఈ లెక్క చెప్తున్నాను.

తయారీ చూడటానికి వంటలానే ఉంటుంది. కొల్లాజెన్‌ని పల్చటి ఎసిటిక్ యాసిడ్‌లో, అంటే మీ అమ్మాయి కొనబోయే వెనిగర్‌లో ఉండేదాన్లోనే, వేసి చిలుకుతారు. ఆమ్లంలో పీచు ఉబ్బి దోసెల పిండిలా అవుతుంది. దాన్ని గడ్డకట్టించి, వాక్యూమ్‌లో పెట్టి మంచుని ఆవిరిగా లాగేస్తారు. మంచు పలుకులు ఉన్న చోటల్లా రంధ్రాలు మిగులుతాయి. కణాలు దూరి కాపురం పెట్టేది ఆ రంధ్రాల్లోనే. గడ్డకట్టే వేగం మారిస్తే రంధ్రం సైజు మారుతుంది.

వేసవికి వచ్చే హైస్కూల్ పిల్లలకి మేం ఇచ్చే పని మాత్రం వేరు. స్కాఫోల్డ్ బిళ్ళని పొడిగా తూచు, నానబెట్టు, తడిగా తూచు, రాసుకో. ఎనిమిది వారాలూ అదే. కణాల జోలికి దాదాపు రానివ్వం. ఫెయిర్‌లో జడ్జి ‘ఇందులో నీ ఆలోచన ఏది?’ అని అడిగితే నీళ్ళు నమలాల్సిందే. నేను జడ్జిగా కూర్చున్నప్పుడు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఈ రంగంలో తొందరపడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2011లో స్వీడన్‌లో పావొలో మాకియారిని అనే సర్జన్ ప్లాస్టిక్ శ్వాసనాళాలు అమర్చడం మొదలుపెట్టాడు. ప్రపంచమంతా చప్పట్లు. జంతువుల మీద సరిగ్గా పరీక్షించకుండానే మనుషులకి పెట్టాడని తర్వాత తేలింది. 2023లో అక్కడి అప్పీలు కోర్టు రెండున్నరేళ్ళ జైలుశిక్ష వేసింది. పద్ధతిగా చేసేవాళ్ళూ ఉన్నారు. మన హైదరాబాద్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ కలిసి 3డీ ప్రింటర్‌తో కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) తయారు చేసి 2022లో కుందేలు కంట్లో పెట్టి చూశారు. అంత పెద్ద సంస్థలు మూడు కలిసినా మొదట ఆగింది కుందేలు దగ్గరే.

కప్పల గురించి నాకు తెలీదు. ఇక్కడ టీ_నీళ్ళు అని ఒకావిడ ఉన్నారు, పైన్ బారెన్స్‌లో నీళ్ళు కొలవడమే ఆవిడ ఉద్యోగం. ఆవిణ్ణి అడగండి.


టీ_నీళ్ళు

పిలిచారు కాబట్టి వచ్చాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

మాది నరసరావుపేట పక్కన పల్లెటూరు. ఇక్కడ ఎమ్మెస్ చేసి పద్నాలుగేళ్ళుగా సౌత్‌జెర్సీలోనే ఉన్నాను. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. శాంపిల్ తెచ్చేదీ నేనే, కొలిచేదీ నేనే. ప్రొఫెసర్ని కాను. నడుందాకా రబ్బరు బూట్లు వేసుకుని బురదలో దిగే మనిషిని. మా అమ్మకి ఇప్పటికీ ఆఫీసు అనే చెప్పాను.

ముందు గరాజ్ సీసాలు. వాటిని ఆవకాయకే ఇచ్చెయ్యండి. ఐసెఫ్ రూల్స్‌లో వెన్నెముక ఉన్న జంతువుల మీద చేయకూడని పనుల జాబితా ఉంటుంది. విషపదార్థాలు పెట్టి ఏమవుతుందో చూడటం నిషేధం. ఆ వాక్యంలో ఉదాహరణలు కూడా ఇచ్చారు: ఆల్కహాల్, ఆమ్లవర్షం, పురుగుమందులు, భారలోహాలు. ఆమ్లవర్షం అని పేరు పెట్టి మరీ రాశారంటే మీ అమ్మాయి కంటే ముందు ఎంతమంది పిల్లలకి ఇదే ఐడియా వచ్చుంటుందో ఊహించుకోండి. కప్పగుడ్డు గుడ్డుగా ఉన్నంతవరకు వాళ్ళ లెక్కలో జంతువు కాదు. పిల్ల బయటికి వచ్చిన క్షణం నుంచి జంతువే. మీ అమ్మాయి లెక్కపెట్టాలనుకున్నది ఆ క్షణాన్నే!

అది కాక, ఆ ఆకుపచ్చ కప్ప పేరు పైన్ బారెన్స్ ట్రీఫ్రాగ్. న్యూజెర్సీలో ముప్పు ఉన్న జాతుల జాబితాలో ఉంది. దాని గుడ్డు ముట్టుకోవాలన్నా రాష్ట్రం పర్మిట్ కావాలి. పదహారేళ్ళ పిల్లకి, గరాజ్‌కి, వెనిగర్‌కి ఎవరూ ఇవ్వరు.

పైగా సీసాల ప్రయోగం పాతదే. 1957లో గాస్నర్, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యూజెర్సీ కప్పల గుడ్లనే తీసుకుని వేర్వేరు పీహెచ్‌లలో (ఆమ్లాన్ని చెప్పే అంకె, 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) పెట్టి చూశారు. బారెన్స్‌లో పుట్టి పెరిగిన జాతులు తట్టుకున్నాయి, బయటి జాతులు తట్టుకోలేదు. 1976లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు మచ్చల సాలమాండర్ (కప్పలకి చుట్టమే, చూడటానికి బల్లిలా ఉంటుంది) గుడ్లని చూశారు. మంచు కరిగి నిండే చిన్న గుంటల్లో పీహెచ్ 6 కంటే తక్కువున్న చోట అరవై శాతం పైగా పిండాలు పోయాయి. మామూలు నీళ్ళున్న గుంటల్లో ఒక శాతం కూడా పోలేదు. అప్పట్లో బొగ్గుపొగ వల్ల వానే ఆమ్లంగా పడేది, శీతాకాలమంతా మంచులో పేరుకున్న ఆమ్లం మార్చిలో ఒక్కసారిగా గుంటలోకి దిగేది. సరిగ్గా అవి గుడ్లు పెట్టే వారాల్లోనే.

గుడ్డు లోపల ఏమవుతుందో ఒకసారి నేను కళ్ళారా చూశాను. నాలుగేళ్ళ కిందట మార్చి ఆఖర్లో రోడ్డు పక్క గుంట ఒకటి, పీహెచ్ 4 దగ్గర. ఉడ్‌ఫ్రాగ్ అనే కప్ప గుడ్ల ముద్ద తేలుతోంది, నానబెట్టిన సబ్జా గింజల గిన్నె బోర్లించినట్టు. దాన్ని కదపకుండా పక్కన కూర్చుని, భూతద్దం పెట్టి, టార్చి వేశాను. మామూలుగా పిండం చుట్టూ ఉండే పల్చటి పొర నీళ్ళు పీల్చుకుని, పిల్ల పెరిగేకొద్దీ తనూ ఉబ్బుతుంది. ఆమ్లం ఎక్కువైతే ఉబ్బదు. పిల్ల పెరుగుతూనే ఉంటుంది, గది మాత్రం పెరగదు. ఆ గుడ్లలో పిల్లలు చేగోడీల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. పొరని కరిగించి దారి చేసే ఎంజైమ్ కూడా ఆమ్లంలో సరిగ్గా పనిచేయదు. ఒకటి కదిలింది. వెలుతురు పడగానే తోక కొన ఒక్కసారి అదిరింది. బతికే ఉంది. వారం తర్వాత వెళ్తే ముద్దంతా తెల్లగా బూజు పట్టి ఉంది. ఉడ్‌ఫ్రాగ్ ఆమ్లానికి గట్టిపిండమే, దాని పరిస్థితే అలా ఉంది. గుడ్డు దాటి బయటపడిన తోకకప్పలకి ఇంకో గండం. ఆమ్లంలో వాటి ఒంట్లోంచి సోడియం కారిపోతుంది, పట్టి ఉంచుకోలేవు.

ఇంతవరకు ‘ఆమ్లం చెడ్డది’ అనే కథ. పైన్ బారెన్స్‌లో కథ తిరగబడుతుంది. మీ అమ్మాయి పట్టుకోవాల్సింది ఇక్కడ.

అక్కడ నీళ్ళు మనిషి చేసిన పాపం వల్ల అలా అవలేదు. కింద ఇసుక, పైన దేవదారు చిత్తడి, నాచు, రాలిన ఆకులు. సున్నపురాయి పేరుకైనా లేదు. నీళ్ళు ఎప్పట్నించో 4, 4.5 దగ్గరే ఉంటాయి. (మీరు కాస్ట్‌కోలో డబ్బాలు డబ్బాలు కొనే బ్లూబెర్రీని తోటపంటగా మొదట పండించి 1916లో అమ్మిందీ ఇక్కడే, వైట్స్‌బాగ్‌లో. దానికీ పుల్లటి నేలే కావాలి.) ఆ చిన్న కప్పకి ఈ ఆమ్లమే కోటగోడ. అమెరికన్ బోదురుకప్ప, అంటే బుల్‌ఫ్రాగ్, ఇలాంటి నీళ్ళలో నిలదొక్కుకోలేదు. ఇప్పుడు పక్కనే ఒక కాలనీ వస్తుంది. ఇంటింటికీ లాన్. లాన్ పచ్చగా ఉండాలని సున్నం చల్లుతారు, ఎరువు చల్లుతారు. వానకి అది చెరువులోకి కొట్టుకొస్తుంది. పీహెచ్ 6 దాటుతుంది. నీళ్ళు పరీక్ష చేయించి ‘ఆహా, మెరుగుపడ్డాయి’ అనుకుంటారు. కొన్నేళ్ళకి అక్కడ బుల్‌ఫ్రాగ్ బొంగురు గొంతు వినిపిస్తుంది. చిన్నదాని గొంతు వినిపించదు.

ఇంగ్లండ్‌లో దీనికి సరిగ్గా ఎదురు. దక్షిణాన వూల్మర్ అనే చోట పొదల మైదానంలో ఒక చెరువుంది. అక్కడ నాటర్‌జాక్ అనే గరుకు చర్మపు కప్ప తగ్గిపోతూ వచ్చింది. ట్రెవర్ బీబీ అనే ఆయన, ఆయనతోటి వాళ్ళు చెరువు అడుగు మట్టిని పొరలు పొరలుగా తీసి, అందులోని డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు గుల్లల్ని చదివారు. ఏ కాలంలో ఏ పుల్లదనమో ఆ గుల్లల రకాన్ని బట్టి తెలుస్తుంది. ఆమ్లం పెరగడమే ఒక కారణమని 1990లో రాశారు. అలాంటి చెరువుల్లో సున్నం వేసి చూశారు. అక్కడ సున్నం కప్పకి మందు, ఇక్కడ అదే సున్నం విషం. మీ అమ్మాయి ఈ రెండు చెరువుల్నీ పక్కపక్కన పెట్టి చెప్పగలిగితే జడ్జీలు సీరియస్‌గా తీసుకుంటారా అన్న బెంగ మీకుండదు.

ఇక చేయగలిగిన పని. నాలుగైదు చెరువులు ఎంచుకోమనండి. కొన్ని అడవి లోపల, కొన్ని లాన్‌ల పక్కన. బ్రెండన్ బర్న్ స్టేట్ ఫారెస్ట్ మీ ఎడిసన్ నుంచి గంటా గంటంబావు. ఫారెస్ట్ ఆఫీసులో ముందే అడిగి అనుమతి తీసుకోండి. పగలు పీహెచ్, కండక్టివిటీ (నీళ్ళలో లవణాలు ఎంతున్నాయో చెప్పే కొలత) కొలవాలి. మే, జూన్ రాత్రుళ్ళు ఒడ్డున నిలబడి ఫోన్‌లో పది నిమిషాలు కప్పల అరుపులు రికార్డు చేయాలి. ఏ జంతువునీ ముట్టుకోనక్కర్లేదు, కాబట్టి రూల్స్ అడ్డురావు. ట్రీఫ్రాగ్ అరుపు ముక్కు మూసుకుని ‘క్వాంక్ క్వాంక్’ అన్నట్టుంటుంది. జలుబు చేసిన బాతులా. బుల్‌ఫ్రాగ్‌ది ఖాళీ డ్రమ్ములో మూలిగినట్టు. ఒకసారి వింటే మర్చిపోరు.

కాగితం స్ట్రిప్పులు కొనకండి. నీళ్ళకే టీ రంగు, స్ట్రిప్పు రంగు ఏం కనిపిస్తుంది? మీటరే కావాలి, 4, 7 బఫర్లు (మీటరు సరిచూడటానికి, పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) రెండూ ఉండాలి, ప్రతిరోజూ బయల్దేరే ముందు సరిచూసుకోవాలి. ఈ నీళ్ళలో లవణాలు చాలా తక్కువ, అందుకని అంకె నిలబడటానికి నిమిషాలు పడుతుంది. తొందరపడి రాసేస్తే తప్పే. ఒక ఏప్రిల్‌లో నా వారం రోజుల రీడింగులు మొత్తం చెత్తబుట్టలో వేశాను. ఎందుకో తెలుసా? వాడిన బఫర్ వృథా ఎందుకని తిరిగి సీసాలో పోశాను. నరసరావుపేట పొదుపు.

ఇంకొక్క మాట. 4.3 అంటే పెరుగంత పులుపు అనుకుంటారు. ఒకసారి వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను (మీరు చేయకండి). పులుపే తెలీలేదు. పెరుగులో ఆమ్లం సరుకు దండిగా ఉంటుంది, ఈ నీళ్ళలో ఉన్నది చిటికెడు. దాన్ని ఎదిరించేదీ ఏమీ లేదు కాబట్టి అంకె అంత కిందికి దిగింది. అందుకే కొద్దిపాటి సున్నం పడినా అంకె పైకి ఎగురుతుంది. పిల్ల ఈ ముక్క అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే.

రావుగారూ, మీకో ప్రశ్న. స్వీడన్‌లో మూర్‌ఫ్రాగ్ అనే కప్ప మీద చేసిన పనిలో, తరతరాలుగా పుల్లటి చెరువుల్లో ఉన్న తల్లుల గుడ్లు ఆమ్లాన్ని బాగా తట్టుకున్నాయి. గుడ్డు చుట్టూ తల్లి పెట్టే జిగురే అందులో పెద్ద కారణమని, అది నీళ్ళని పట్టి ఉంచే తీరులోనే తేడా ఉందని తేల్చారు. ఆ జిగురు మీ భాషలో హైడ్రోజెల్లే (నీళ్ళు పీల్చి ఉబ్బే జెల్) కదా?


వూస్టర్_రావు

హైడ్రోజెల్లే. ఎన్నో ఏళ్ళు తడి బరువు, పొడి బరువు తూచాను గానీ కప్ప కూడా అదే సరుకు తయారుచేస్తుందని ఎప్పుడూ తట్టలేదు. పొద్దున్నే ఈ పోస్టు చదివి ఆఫీసుకి లేటయ్యాను.

అయితే ఎడిసన్ నాన్నగారూ, చలికాలంలో కప్పలుండవు కాబట్టి అప్పుడు ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటి చెప్తాను. జెలటిన్ రెండు రకాలు దొరుకుతుంది. పంది చర్మాన్ని ఆమ్లంలో నానబెట్టి తీసేది ఒకటి, పశువుల చర్మాన్నీ ఎముకల్నీ సున్నంలో నెలల తరబడి ఊరబెట్టి తీసేది ఒకటి. రెండిటి ముక్కలూ సమానంగా కోసి, వేర్వేరు పీహెచ్ ఉన్న చల్లటి నీళ్ళలో వేసి, ఎంత ఉబ్బాయో తూచమనండి. సున్నంలో ఊరినది పీహెచ్ 5 చుట్టుపక్కల అన్నిటికంటే తక్కువ ఉబ్బుతుంది. రెండో దానికి ఆ చోటు 7 పైన ఎక్కడో ఉంటుంది. అలా ఎందుకో ఆమె చెప్పగలిగితే, కప్పగుడ్డు పొర ఎందుకు ఉబ్బలేదన్న ప్రశ్న దగ్గరికి తనంతట తనే వస్తుంది. ప్రాణి ఏదీ చావదు. మీరు శాకాహారులైతే మాత్రం వంటింట్లో వద్దు, గరాజ్‌లో పెట్టుకోండి. ఆ పది సీసాలు ఇప్పుడు పనికొస్తాయి.

మీ బంధువుల ల్యాబ్ అవకాశం వదులుకోకండి అని చెప్పాల్సినవాణ్ణి, చెప్పడం లేదు. ల్యాబ్ ఎక్కడికీ పోదు.


ఎల్బీనగర్_మాస్టారు

ఆసక్తిగా చదివాను. ప్రభుత్వ పాఠశాలలో బయోసైన్స్ చెప్తాను. మా దగ్గర సమస్య ఎదురు. పిల్లలతో చెరువు నీళ్ళు పరీక్ష చేయిస్తే 8 పైనే వస్తుంది, పుల్లటి నీళ్ళు చూపిద్దామన్నా దొరకవు. తొలకరి వానలకి బోదురుకప్పలు పసుపు రాసుకున్న పెళ్ళికొడుకుల్లా మెరుస్తూ బయటికి వచ్చినప్పుడు మాత్రం క్లాసంతా కిటికీ దగ్గరే. అరుపులు రికార్డు చేయించడం అనే ఆలోచన బావుంది, ఈ జూన్‌లో చేయిస్తాను. టీచరమ్మకి (మిమ్మల్ని అలాగే అనాలనిపించింది) ధన్యవాదాలు.


టీ_నీళ్ళు

మాస్టారూ, మా ఇంట్లో నన్ను ఆ మాట ఎవరూ అనలేదు, మీరే మొదలు. మీ దగ్గర 8 ఎందుకు వస్తోందో అడగండి పిల్లల్ని. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలిపించండి. నాచు ఎక్కువున్న చెరువైతే మధ్యాహ్నానికి అంకె పెరుగుతుంది. ఎండలో నాచు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది కదా. ఒకే చెరువు, ఒకే రోజు, రెండు అంకెలు. పిల్లలు మీటరు పాడైందంటారు. అననివ్వండి.


ఎడిసన్_నాన్న (మే, మూడో వారం)

అందరికీ అప్‌డేట్. కప్పల పార్టీ గెలిచింది. జెలటిన్ పని మార్చిలోనే అయిపోయింది, గ్రాఫు రావుగారు చెప్పినట్టే వచ్చింది, గరాజ్‌లో వాసన ఇంకా పోలేదు. ఫారెస్ట్ ఆఫీసు అనుమతి వచ్చింది. ఐదు చెరువులు ఎంచుకుంది, మూడు అడవిలో, రెండు ఇళ్ళ పక్కన.

పోయిన శనివారం మొదటి రాత్రి వెళ్ళాం. పిడుదులు పట్టుకుంటాయని ఎవరో చెప్తే ప్యాంట్లు సాక్సుల్లోకి దోపుకున్నాం. ఇద్దరం బడిపిల్లల్లా ఉన్నాం. తొమ్మిదింపావుకి మూడో చెరువు దగ్గర లైట్లార్పి నిలబడ్డాం. నాకు దోమలు తప్ప ఏమీ వినపడలేదు. అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు వినపడింది, టీ_నీళ్ళు గారు చెప్పిన జలుబు బాతు. ఒకటి, తర్వాత రెండు, తర్వాత ఎన్నో చెప్పలేను. పది నిమిషాల రికార్డింగ్‌లో చివర నేను ‘బాగుందమ్మా’ అన్న మాట కూడా పడింది. అది తీసెయ్యాలా, డేటా అలాగే ఉంచాలా అని నన్నే అడుగుతోంది.

ఒక సమస్య. ఇళ్ళ పక్క చెరువులో 6.1 వచ్చింది. సంబరపడేలోపు ఇంటికొచ్చి మీటరు సరిచూస్తే 4 బఫర్‌లో 4.3 చూపిస్తోంది. 7 బఫర్‌లో పర్వాలేదు. అమ్మాయి ఆ రాత్రి కొలతలన్నీ కొట్టేసి కూర్చుంది, అన్నం తినలేదు. మీటరు కొత్తదే, రెండు నెలలు కాలేదు. ఏం చేయాలి?


టీ_నీళ్ళు

కొట్టేసిందా? మంచి పిల్ల. నేనైతే ఆ వయసులో 0.3 తీసేసి రాసుకునేదాన్ని.

బఫర్ కొత్త సీసా తెరిచి మళ్ళీ చూడండి. అప్పుడూ అలాగే ఉంటే ఎలక్ట్రోడ్ (మీటరుకుండే, నీళ్ళలో ముంచే కడ్డీ) సంగతి. వాడనప్పుడు దాని మూతి దేన్లో ముంచి ఉంచుతున్నారు? స్టోరేజ్ సొల్యూషన్ అని చిన్న సీసా వచ్చి ఉండాలి, అందులోనే ఉండాలి. డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టారా?


ఎడిసన్_నాన్న

డిస్టిల్డ్ వాటర్‌లోనే అండీ. శుభ్రంగా ఉంటుంది కదా అని నేనే చెప్పాను. ఈ సంగతి ఇంకా అమ్మాయికి చెప్పలేదు.